కన్యాశుల్కం అంటే కట్నం కాదురా బాబూ!

మొన్న రాత్రి మా అక్క కొడుకు ఫోన్ చేసేడు. వాడు గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాడు. "మావయ్యా, కన్యాశుల్కం అంటే పాతకాలం కట్నమే కదా, వరకట్నానికి వ్యతిరేకంగా గురజాడ రాసిన నాటకం అని నోట్స్‌లో రాసేసుకోనా" అని అడిగేడు. వాడు పుట్టింది విజయనగరం, పెరిగింది విజయనగరం, కోట చుట్టూ సైకిలేసుకుని ట్యూషన్లకి తిరిగినోడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. తిడదామని నోరు తెరిచేను గానీ ఆగేను, ఎందుకంటే తప్పు వాడొక్కడిదీ కాదు. మనందరికీ గురజాడ అంటే ఒక విగ్రహం, గిరీశం డైలాగులు ఓ రెండు మూడు, దేశమంటే మట్టికాదోయ్ అనే ఒక్క లైను, సెప్టెంబరు 21న ఒక పూలదండ. వీటి మధ్యలో ఉండాల్సిన మనిషి ఎక్కడో జారిపోయేడు. సరే అని వాడికి గంటన్నర ఫోన్లో చెప్పేను, చెప్పినదాన్నే కొంచెం సర్ది ఇక్కడ పెడుతున్నా. మధ్యలో దారి తప్పితే ఏమీ అనుకోకండి, ఈ కథలో ముడులు అలాంటివి, ఒకటి లాగితే ఇంకోటి బిగుసుకుంటుంది.

ముందు డబ్బు ఎటు నుంచి ఎటు వెళ్తుందో చూద్దాం. కట్నంలో పిల్ల తండ్రి చేతిలోంచి పిల్లాడి ఇంటికి వెళ్తుంది. కన్యాశుల్కంలో దానికి ఎదురు, పెళ్ళికొడుకు డబ్బు తెచ్చి పిల్ల తండ్రి చేతిలో పెడతాడు. "అయితే మంచిదే కదా మావయ్యా, ఆడపిల్లకి విలువిచ్చినట్టేగా" అన్నాడు మావాడు. అసలు మెలిక ఇక్కడే ఉంది. మన ఉత్తరాంధ్రలో చాలా కులాల్లో పిల్లకి డబ్బివ్వడం ఉండేది, దాన్ని ఓలి అనేవారు, పెద్దవాళ్ళని అడిగితే ఇప్పటికీ ఆ మాట చెప్తారు. కానీ ఆ కులాల్లో మొగుడు పోతే మారుమనువు ఉంది, పొసక్కపోతే పెద్దల ముందు తెగతెంపులు చేసుకునే దారీ ఉంది. అంచేత ఓలి ఇచ్చినా పుచ్చుకున్నా పిల్ల బతుకు అక్కడితో మూసుకుపోదు. అదే డబ్బు అగ్రహారం బ్రాహ్మణ ఇంట్లోకి వచ్చేసరికి కథ మారిపోయింది, ఎందుకంటే అక్కడ ఇంకో రెండు రూల్సు ఉన్నాయి: పిల్లకి రజస్వల కాకముందే పెళ్ళయిపోవాలి, మొగుడు పోతే మళ్ళీ పెళ్ళి లేదు.

ఇప్పుడు ఈ మూడూ కలిపి చూడండి. పెళ్ళి గడువు ముంచుకొస్తోంది, డబ్బున్నవాడికే పిల్ల, డబ్బు ఎవరి దగ్గర ఉంటుంది, ఏళ్ళ తరబడి కూడబెట్టిన ముసలాడి దగ్గర, అతనికి మొదటి పెళ్ళామో రెండో పెళ్ళామో పోయి ఉంటుంది, మగాడు కాబట్టి మళ్ళీ చేసుకోవచ్చు. ఎనిమిదేళ్ళ పిల్లని యాభై దాటిన మనిషికి ఇస్తే ఆ పిల్లకి ఊహ తెలిసేసరికి గుండు చేయించి తెల్లబట్ట కట్టబెట్టడమే మిగుల్తుంది. ఇంకో పక్క డబ్బుల్లేని కుర్రాళ్ళు పెళ్ళి లేకుండా మిగిలిపోతారు. వితంతువులకి పెళ్ళి చెయ్యకూడదు కాబట్టి వాళ్ళు లెక్కలోంచి పోయేరు, పిల్లల కరువు ఇంకా పెరిగింది, రేటు ఇంకా పెరిగింది. అంటే శుల్కం వల్ల వితంతువులు, వితంతువుల వల్ల మళ్ళీ శుల్కం. గిర్రున తిరిగే గానుగ. అందుకే ఇది ఒక్క దురాచారం కాదు, మూడు కలిసి ఒకదాన్నొకటి మోస్తున్న వ్యవహారం, కట్నం అనుకుని చదివితే నాటకంలో ఒక్క పాత్రా అర్థం కాదు.

మరి శాస్త్రాలు ఒప్పుకున్నాయా అంటే, లేదు. పిల్ల తండ్రి కొంచెం కూడా శుల్కం పుచ్చుకోకూడదని మనుస్మృతిలోనే ఉంది, పుచ్చుకుంటే కూతుర్ని అమ్ముకున్నట్టే అని కూడా ఉంది. ఇవి నోటికొచ్చిన వాళ్ళే అగ్రహారాల్లో బేరాలాడేరు. కన్యాశుల్కంలో కూతుర్ని అమ్మజూపే అగ్నిహోత్రావధాన్లు పేరు చూడండి, ఆ పిల్లని కొనబోయే ముసలాడు లుబ్ధావధాన్లు పేరు చూడండి, ఇద్దరూ వేదం చదువుకున్న అవధాన్లే. శాస్త్రం తెలీక చేసిన పని కాదు ఇది.

అప్పుడు విజయనగరం మహారాజా ఆనందగజపతి ఒక పని చేయించేరు. విశాఖపట్నం జిల్లాలో (అప్పట్లో మా ఊరు ఆ జిల్లాలోదే) శుల్కం పుచ్చుకుని చేసిన బ్రాహ్మణ పెళ్ళిళ్ళ లిస్టు తయారు చేయించేరు. ఆ లెక్కల్ని గురజాడ 1897లో అచ్చయిన కన్యాశుల్కం ఇంగ్లీషు పీఠికలో ఇచ్చేరు. మూడేళ్ళలో 1,034 పెళ్ళిళ్ళు. అందులో ఐదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళ వాళ్ళు 44, మూడేళ్ళ వాళ్ళు 36, రెండేళ్ళ వాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ధర 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉన్న బిడ్డలకి కూడా ఒక్కోసారి బేరం కుదుర్తుందని కూడా రాసేరు. నేను కూడికేసి చూసేను, ఐదేళ్ళు, ఆలోపు పిల్లలే 188 మంది, అంటే ఐదారు పెళ్ళిళ్ళకి ఒకటి. పైగా డబ్బు పుచ్చుకున్నవాడు పుచ్చుకున్నానని చెప్పడు కదా, అంచేత ఈ లిస్టు పూర్తిగా లేదని కూడా ఆయనే చెప్పేరు. 400 అంటే ఎంతో తెలియాలంటే ఒక్క పోలిక: 1884లో ఇదే గురజాడ అప్పారావు గారు మా ఊళ్ళో మహారాజా వారి స్కూల్లో మేష్టరుగా చేరినప్పుడు నెల జీతం 25 రూపాయలు. ఇంగ్లీషు చదువుకున్న మేష్టరు పదహారు నెలల జీతం, ఇంకా పాలు తాగే పిల్ల ఖరీదు.

మహారాజా మద్రాసు లెజిస్లేటివ్ కౌన్సిల్లో మెంబరు కూడా. చట్టం తెచ్చి దీన్ని ఆపుదామని ప్రయత్నం చేసేరు, అది చట్టం కాలేదు. ఆ రోజుల్లో ఇంగ్లీషు ప్రభుత్వానికి పెళ్ళి, మతం జోలికి వెళ్ళాలంటే భయం. 1891లో కాపురం వయసు పదేళ్ళ నుంచి పన్నెండేళ్ళకి పెంచితేనే దేశమంతా గగ్గోలయింది. వితంతువుల పెళ్ళి చెల్లుతుందని 1856లోనే చట్టం వచ్చింది, చట్టం వచ్చినంత మాత్రాన ఎంతమంది చేసుకున్నారు గనక. ఆడపిల్లల పెళ్ళి వయసు పద్నాలుగు అని శారదా చట్టం వచ్చేసరికి 1929. అప్పటికి గురజాడ పోయి పద్నాలుగేళ్ళు.

అంటే చూడండి, శాస్త్రం చెప్పింది, ఎవడూ వినలేదు. చట్టం పుట్టకముందే పోయింది. ఆ మిగిలిన ఖాళీలో నాటకం వచ్చింది. ఇది నా ఊహ కాదు, ఆయన పీఠికలోనే ఉంది: జనంలో చదివే అలవాటు వచ్చేదాకా ఇలాంటి పనికి రంగస్థలం తప్ప దారి లేదు అని. రచయితకి తట్టిన మంచి ఐడియా అనుకుంటాం గానీ, అన్ని తలుపులూ కొట్టేక మిగిలిన తలుపు అది.

ఇక మనిషి సంగతి. పుట్టింది ఇప్పటి అనకాపల్లి జిల్లా ఎలమంచిలి దగ్గర రాయవరంలో, మేనమామ ఇంట్లో, 1862లో. నాన్నగారు వెంకట రామదాసు గారిది విజయనగరం ఎస్టేటు ఉద్యోగం, అంచేత చిన్నప్పటి చదువు మా చీపురుపల్లిలో. తండ్రి పోయేక చదువుకోడానికి విజయనగరం వస్తే మహారాజా కాలేజీ ప్రిన్సిపాల్ చంద్రశేఖర శాస్త్రి గారు తిండీ వసతీ చూసేరు. 1882లో మెట్రిక్, 1884లో ఎఫ్.ఏ. (ఇప్పటి ఇంటర్ లాంటిది), 1886లో బి.ఏ. ఆ తర్వాత కొన్నాళ్ళు డిప్యూటీ కలెక్టరాఫీసులో హెడ్ క్లర్కు, 1887లో అదే కాలేజీలో నెలకి 100 రూపాయల మీద లెక్చరరు. సంస్కృతం, ఇంగ్లీషు వ్యాకరణం, గ్రీకు రోమను చరిత్రలు చెప్పేవారు. తమ్ముడు శ్యామలరావు కూడా ఇంగ్లీషులో పద్యాలు రాసేవాడు, మద్రాసులో లా చదువుతూ 1892లో పోయేడు. అదే ఏడాది కన్యాశుల్కం మొదటిసారి ఆడింది, ఆ రెండూ ఒకే ఏడాదిలో పడటం నాకెప్పుడూ గుచ్చుకుంటుంది.

అప్పారావు గారు కూడా మొదలెట్టింది ఇంగ్లీషులోనే. సారంగధర కథని ఇంగ్లీషు పద్యంగా రాస్తే కలకత్తాలో రీస్ అండ్ రయ్యత్ పత్రిక నడిపే శంభుచంద్ర ముఖర్జీ చూసి మెచ్చుకుని తన పత్రికలో మళ్ళీ వేసుకున్నాడు, వేసుకుని ఓ సలహా కూడా ఇచ్చేడు: ఎంత బాగా రాసినా అది పరాయి భాష, మీ భాషలో రాయండి అని. బెంగాలీ ఆయన చెప్తే తెలుగులోకి వచ్చిన తెలుగు కవి అన్నమాట. అయితే ఇంగ్లీషు వదిలెయ్యలేదు, డైరీలు ఇంగ్లీషే, నాటకం పీఠికలు ఇంగ్లీషే. జనం కోసం తెలుగు, తన కోసం ఇంగ్లీషు. ఈ పద్ధతి ఇప్పటికీ మన చదువుకున్న ఇళ్ళల్లో ఉంది కదా.

ఇక్కడ ఎవరైనా అడిగే ప్రశ్న ఒకటుంది, మావాడూ అడిగేడు: రాజుగారి దగ్గర జీతం తీసుకున్నోడు ఏం సంస్కర్త మావయ్యా? నిజమే, దాచేదేం లేదు. 1889లో ఆనందగజపతి డిబేటింగ్ క్లబ్బుకి వైస్ ప్రెసిడెంటు, 1891 నుంచి మహారాజాకి శాసనాలు చదివిపెట్టే ఎపిగ్రాఫిస్టు. కన్యాశుల్కం మొదటి కూర్పు అంకితం కూడా ఆయనకే. 1897లోనే మహారాజా వారసులు లేకుండా పోయేరు. అక్కడి నుంచి దత్తత గొడవ, ఎస్టేటు కేసు. మహారాజా సోదరి రీవా మహారాణి అప్పలకొండయాంబ గారికి అప్పారావు గారు పర్సనల్ సెక్రటరీ అయ్యేరు, 1913లో ఆ కేసు రాజీ అయ్యేదాకా ఆయన మంచి వయసంతా ఆ దస్తావేజుల్లోనే పోయింది. ఆరోగ్యం ఎప్పుడూ అంతంతమాత్రమే. మనం కవి అనుకుంటున్న మనిషి రోజువారీ పని నిజానికి కోర్టు కాగితాల పని.

మరి అలాంటి మనిషి రాసినవి చూడండి. కన్యక అనే కథాగేయంలో రాజు ఒక కోమటి పిల్లని నడివీధిలో చెరబట్టబోతాడు, ఆ పిల్ల రాజుని పదిమందిలో నిలబెట్టి కడిగేసి అగ్నిలో దూకుతుంది, ఆ రాజు కోట పాడుపడిపోతుంది. లవణరాజు కలలో ఒక రాజు మాలపిల్ల మీద మనసుపడి కులమంటే ఏంటో తేల్చుకోవాల్సొస్తుంది, మనుషుల్లో ఉన్నవి మంచి చెడ్డ రెండే కులాలని, మంచి మాల అయితే తానూ మాలే అవుతానని అందులోనే ఉంది. ఎస్టేటు ఉప్పు తిన్న మనిషి ఇవి రాసేరు. దీన్ని ధైర్యం అనాలా, లౌక్యం అనాలా? నాకు రెండూ కలిసే కనిపిస్తాయి. ఆయన కోటని బయట నుంచి తిట్టలేదు, కోట లోపల ఉండి జనం పాడుకునే వరసలో పాట రాసి వదిలేరు. ఆ వరసే ముత్యాల సరం, మూడూ నాలుగు మాత్రల నడక, చదువు రాని మనిషి కూడా తాళం వేసుకోగలిగినది. పుత్తడిబొమ్మ పూర్ణమ్మ ఇంకో గేయం, కాసుకి లోనై ముసలాడికి కట్టబెట్టిన పిల్ల దుర్గ గుడి కొలనులో కలిసిపోయిన కథ. నాటకంలో నవ్వించి చెప్పిన సంగతే ఇక్కడ ఏడిపించి చెప్పేరు. మా అమ్మమ్మకి అక్షరం రాదు, పూర్ణమ్మ మాత్రం సగం నోటికొచ్చు, ఆవిడకి అది గురజాడది అని కూడా తెలీదు, ఎవరో పాడితే నేర్చుకుంది.

సరే, నాటకంలోకి వద్దాం, అతి పెద్ద చిక్కు అక్కడే. సంఘ సంస్కరణ కోసం రాసిన నాటకంలో సంస్కరణ లెక్చర్లు దంచేది ఎవరు? గిరీశం. అప్పులు ఎగ్గొట్టి, పూటకూళ్ళమ్మ డబ్బు తిని, ఫొటో తీయించుకుని దానికీ డబ్బివ్వకుండా, శిష్యుడు వెంకటేశాన్ని అడ్డం పెట్టుకుని కృష్ణరాయపురం అగ్రహారానికి పారిపోయిన మనిషి. నాటకం మొదలయ్యేదే మా విజయనగరం బొంకులదిబ్బ మీద. ఆ అగ్రహారంలో అగ్నిహోత్రావధాన్లు పెద్ద కూతురు, వితంతువు బుచ్చమ్మని చూసి, వితంతు వివాహం గొప్పదని ఊదరగొట్టి, ఆ పిల్లని లేవదీసుకుపోతాడు. అంటే 1881లో రాజమండ్రిలో వీరేశలింగం గారు ఎదురుదెబ్బలన్నీ ఓర్చుకుని మొదటి వితంతు వివాహం చేయిస్తే, పదేళ్ళు తిరిగేసరికి మా ఊరి నాటకంలో ఆ మాటలు ఒక టక్కరి నోట్లో పడ్డాయి. అందుకని గురజాడ సంస్కరణకి వ్యతిరేకి అనేసిన వాళ్ళూ ఉన్నారు.

నాకు మాత్రం అలా అనిపించదు. ఆయన వెక్కిరించింది సంస్కరణని కాదు, నోటితో అయిపోయే సంస్కరణని. మంచి మాట ఒకటి ఊళ్ళోకి వచ్చిందంటే దాన్ని ముందు పట్టుకునేవాడు దాంతో పనున్నవాడే, ఇది మనం రోజూ చూస్తూనే ఉన్నాం, వాట్సాప్ స్టేటస్‌లో మహిళా దినోత్సవం పెట్టి ఇంట్లో కంచం కూడా తియ్యనివాళ్ళు ఎంతమంది లేరు. గిరీశాన్ని అందరూ ఇష్టపడతారు, అదీ అందులో ఉన్న ఉచ్చు, వాడి మాటలకి నవ్వుతూ నవ్వుతూ మనమూ బుచ్చమ్మలాగే వాడి వెనకాల వెళ్ళిపోతాం.

చివర్లో ఏమవుతుందో గుర్తుందా? చాలామందికి గుర్తుండదు, డామిట్ కథ అడ్డంగా తిరిగింది అన్న మాట ఒక్కటే గుర్తుంటుంది. కథ ఎలా అడ్డం తిరిగింది అంటే, వితంతు వివాహం జరగదు. వకీలు సౌజన్యారావు పంతులు బుచ్చమ్మని పూనాలో వితంతువుల శరణాలయానికి చదువుకోడానికి పంపుతానంటాడు, గిరీశాన్ని పోయి నువ్వూ చదువుకో అంటాడు. సంస్కరణ నాటకంలో చివర పెళ్ళి భజంత్రీలు మోగాలి కదా మామూలుగా, ఇందులో పిల్ల మొగుడు లేకుండా చదువుకి వెళ్తుంది. ఆ రోజులకి ఇది మామూలు ముగింపు కాదు.

ఇంకో చిక్కు సౌజన్యారావు. మచ్చలేని మనిషి, భోగం మేళాలకి వ్యతిరేకంగా నడిచిన యాంటీనాచ్ ఉద్యమం మనిషి, వేశ్య మొహం చూడనని ఒట్టుపెట్టుకున్నవాడు. ఆయన దగ్గరికి వేశ్య మధురవాణి మగవేషంలో వస్తుంది, హత్య కేసులో ఇరుక్కున్న లుబ్ధావధాన్లుని బయట పడేసే సాక్ష్యం ఆమె చేతిలో ఉంది, బదులుగా ఒక ముద్దు అడుగుతుంది. ఆయన నానా తంటాలూ పడి చివరికి సిద్ధపడేసరికి ఆమే వద్దంటుంది, చెడనివారిని చెడగొట్టొద్దని తన తల్లి చెప్పిందని. ఇద్దర్లో నీతి ఎవరిది ఎక్కువ? మంచివాడైన సంస్కర్తకి మనుషుల్ని జాతి కింద లెక్కకట్టి చూడటం తెలుసు, ఎదురుగా ఉన్న మనిషిని చూడటం తెలీదు. టక్కరి సంస్కర్తని కొట్టడం తేలిక, నిజాయితీపరుడైన సంస్కర్తని కూడా ఇలా నిలబెట్టి చూపించడం చాలా కష్టం, నా లెక్కలో నాటకం మొత్తానికి ఇదే గొప్ప చోటు.

అయితే 1892లో మా ఊళ్ళో జగన్నాథ విలాసినీ సభ వాళ్ళు ఆడిన నాటకం, 1897లో అచ్చయినది ఇంత లేదు. మనం ఇప్పుడు చదివే కన్యాశుల్కం 1909లో వచ్చిన రెండో కూర్పు, ఇంచుమించు కొత్త నాటకం. మధురవాణి ఇంత పెద్దదయింది ఇందులోనే. అంచేత మావాడికి గట్టిగా చెప్పేను, ప్రశ్నలో 1892 అంటే ప్రదర్శన, 1897 అంటే మొదటి అచ్చు, 1909 అంటే తిరగరాసినది, మూడూ కలిపి చారు కాయొద్దు అని. అలాగే దిద్దుబాటు కథ 1910, తెలుగులో మొదటి కథానిక అని గైడ్లలో ఉంటుంది, కానీ భండారు అచ్చమాంబ గారి ధనత్రయోదశి 1902లోనే వచ్చింది. పరీక్షలో ఏ జవాబు పెట్టాలో నాకు తెలీదు, మొదటిది ఏదంటే మాత్రం 1902 ముందా 1910 ముందా అన్నది లెక్కల మేష్టరు కూడా చెప్తాడు.

ఇప్పుడు ఆఖరి ముడి, భాష. చాలా పుస్తకాల్లో దీన్ని వేరే చాప్టరుగా రాస్తారు: సంఘసంస్కర్త గురజాడ ఒకటి, వ్యావహారిక భాషావాది గురజాడ ఒకటి. నా మటుకు ఇవి రెండు కావు. జనం మారాలి, జనం చదవరు కాబట్టి నాటకం కావాలి, నాటకం జనానికి అర్థం కావాలంటే జనం మాట కావాలి. ఒకే తాడు. హాస్యానికి వాడుక భాషే తగినదని ఆయన మొదటి పీఠికలోనే రాసేరు. వీరేశలింగం గారి ప్రహసనాల్లో కూడా వాడుక మాటలున్నాయి, ఆయనే మొదలు అనను. కానీ కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ మాట వేరు, నౌకరు అసిరిగాడి మాట వేరు, హెడ్డు కనిస్టీబు మాట వేరు, గిరీశం ఇంగ్లీషు కలిపిన తెలుగు ఇంకా వేరు. మా విజయనగరం సంతలో నిలబడి రాసుకున్నట్టుంటుంది.

ఈ పోరాటంలో ఆయనకి తోడు దొరికింది శ్రీకాకుళం వైపు నుంచి. గిడుగు రామమూర్తి గారు శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టేరు, గురజాడ కంటే ఒక్క ఏడాది చిన్న, ఇద్దరూ విజయనగరంలో కలిసి చదువుకున్నారు. తర్వాత పర్లాకిమిడిలో మేష్టరుగా ఉంటూ సవరల (అక్కడి గిరిజనులు) భాష నేర్చుకుని, ఆ పిల్లలకి ఆ భాషలోనే చదువు చెప్పాలని పుస్తకాలు తయారు చేసిన మనిషి. సవర పిల్లాడికి సవరలో చెప్పాలి అన్నవాడికి తెలుగు పిల్లాడికి ఎవడూ మాట్లాడని తెలుగులో చెప్పడం ఎంత విడ్డూరంగా కనపడి ఉంటుందో ఆలోచించండి. ఈ ఇద్దరికీ స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చిన ఏట్సు దొర, విశాఖపట్నం ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారు కలిసేరు. గమ్మత్తు చూడండి, తెలుగుని తెలుగులా రాయనివ్వండి అన్న నలుగురిలో ఒకాయన ఇంగ్లీషాయన, ఒకాయన అరవాయన.

అవతల పక్షం, అంటే పాత పుస్తకాల భాషే (గ్రాంథికం) రాయాలన్నవాళ్ళు, చిన్నదేం కాదు. జయంతి రామయ్య పంతులు గారు, 1911లో పుట్టిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు, మహా మహా పండితులు. వాళ్ళ భయంలో కూడా ఒక న్యాయం ఉంది, వాడుక భాష అంటే ఏ జిల్లా వాడుక, ఏ కులం వాడుక, ఇవాళ దీన్ని ఒప్పుకుంటే రేపు నన్నయ తిక్కన ఎవరికి అర్థమవుతారు అని. 1911లో అప్పారావు గారిని మద్రాసు యూనివర్సిటీ బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లోకి తీసుకున్నారు. పిల్లలు పరీక్షల్లో వ్యాసం వాడుక భాషలో రాయొచ్చా లేదా అన్న దాని మీద గొడవ ముదిరి కమిటీ దాకా వెళ్ళింది, కమిటీలో ఎక్కువమంది గ్రాంథికం వైపు ఉన్నారు. దాని మీద 1914లో ఆయన ఇచ్చిన అసమ్మతి పత్రం ఒక పుస్తకమంత ఉంటుంది, అదీ ఇంగ్లీషులోనే. శాసనాల భాష దగ్గర్నుంచి పండితులు రాసిన గ్రాంథికంలోనే ఉన్న తప్పుల దాకా ఏకరువు పెట్టేరు. శాసనాలు చదివిన ఆ పాత ఉద్యోగం ఇక్కడ పనికొచ్చింది అనుకుంటా, పాతకాలం జనం కూడా వ్యాకరణం ప్రకారం మాట్లాడలేదని రాళ్ళ మీదే ఉంది మరి.

ఓడిపోయేరు. యూనివర్సిటీ గ్రాంథికం వైపే మొగ్గింది. 1915 నవంబరు 30న అప్పారావు గారు పోయేరు, 53 ఏళ్ళు. అప్పటికి కన్యాశుల్కానికి చట్టం లేదు, వాడుక భాషకి పరీక్షలో చోటు లేదు. లెక్క చూసుకుంటే రెండు పక్కలా సున్నా. ఆయన పోయిన మూడేళ్ళ తర్వాత, 1919లో రాజమండ్రిలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం అని పెడితే దానికి అధ్యక్షుడు ఎవరనుకున్నారు, వీరేశలింగం గారు, ఎక్కువగా గ్రాంథికంలోనే రాసి ఆఖరి రోజుల్లో ఇటు వచ్చేరు. అది చూడ్డానికి గురజాడ లేరు. గిడుగు వారు మాత్రం 1940లో పోయేదాకా వదల్లేదు, ఆయన పుట్టిన ఆగస్టు 29నే ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవం అంటున్నాం.

ఇక శుల్కం ఏమయింది అని కూడా మావాడు అడిగేడు. చట్టం చంపలేదు, నాటకం ఒక్కటే చంపింది అని కూడా నేననను. ఇంగ్లీషు చదువులొచ్చేయి, గుమాస్తా ఉద్యోగాలొచ్చేయి, బి.ఏ. పాసయిన అల్లుడు అరుదైన సరుకయ్యేడు, బేరం తిరగబడింది, డబ్బు ఇటు నుంచి అటు వెళ్ళడం మొదలెట్టింది. కట్నం నిషేధిస్తూ 1961లో చట్టం వచ్చింది, దాని సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. అంచేత మావాడి ప్రశ్న పూర్తిగా తప్పూ కాదు, కన్యాశుల్కం కట్నం కాదు గానీ కట్నానికి పెద్దమ్మ కూతురే.

గంటన్నర అయ్యేసరికి నా ఫోన్ చార్జింగ్ అయిపోయింది. రెండ్రోజులాగి వాడు రాసుకున్న ఆన్సరు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపేడు, చూసి చెప్పు మావయ్యా అని. సంవత్సరాలు కరెక్టే, 1,034 కరెక్టే, అసమ్మతి పత్రం కూడా రాసేడు. కానీ మొదటి వాక్యం ఇలా ఉంది: "కన్యాశుల్కమను దురాచారమును రూపుమాపుటకును, వాడుక భాషను నెలకొల్పుటకును గురజాడవారు మిక్కిలి కృషి సల్పియుండిరి." ఇదేంట్రా, నువ్విలా మాట్లాడతావా అని అడిగేను. రెండు నిమిషాలకి రిప్లై వచ్చింది. "లేదు మావయ్యా, ఇలా రాస్తేనే మార్కులేస్తారంట."